ఇంజిన్ విప్పి బిగించాక మొదలైన వణుకు

ప్రశ్న: నాది రిమోట్‌తో ఎగరేసే మోడల్, నైట్రో ఫ్యూయల్‌తో నడిచే 50 సైజు హెలికాప్టర్. 600 మి.మీ. బ్లేడ్లు, ఫ్లైబార్‌లెస్ (రోటర్ మీద నిలకడ కడ్డీ లేకుండా, సెన్సర్లే నిలకడ చూసుకునే రకం). ఆ మధ్య దింపేటప్పుడు పక్కకు ఒరిగి బ్లేడ్లు నేలకు తగిలాయి. మెయిన్ షాఫ్ట్, స్పిండిల్ (రెండు బ్లేడ్లనీ మోసే అడ్డకడ్డీ), బ్లేడ్లు కొత్తవి వేశాను. ఎలాగూ విప్పాను కదా అని ఇంజిన్ బేరింగులు కూడా మార్చాను. ఇప్పుడు పైకి లేపితే మోడల్ మొత్తం సన్నగా అదురుతోంది. ట్యాంకులో ఫ్యూయల్ నురగ కడుతోంది. టెయిల్ ఫిన్ అంచులు మసకగా కనిపిస్తున్నాయి. ఇంజిన్ వేడెక్కుతోందని మెయిన్ నీడిల్ (కార్బురేటర్‌కి ఎంత ఫ్యూయల్ వెళ్లాలో సర్దే స్క్రూ) కొంచెం తెరిచాను. అప్పటినుంచి హోవర్‌లో ఇంజిన్ శబ్దం తడబడుతోంది. బ్లేడ్లు ఇంకో జత వేసి చూసినా తేడా లేదు. గైరో (మోడల్ తిరుగుడుని పసిగట్టే సెన్సర్ల యూనిట్) కింద మెత్తటి టేపు ఇంకో పొర వెయ్యమని ఒకరు, టెయిల్ మొత్తం మార్చమని ఇంకొకరు చెబుతున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

సమాధానం:

ముందు ఒక విషయం. దీని సంగతి తేలేవరకు ఎగరెయ్యకండి. ఫ్యూయల్ నురగ కట్టేంత అదురు ఉందంటే అది గైరోకి, సర్వోలకి, లింకులకి కూడా చేరుతోంది. ఫ్లైబార్‌లెస్ యూనిట్‌లోని సెన్సర్లు మోడల్ కదలికనీ ఈ అదురునీ విడదీయలేకపోతే మీరు ఇవ్వని కమాండ్లు అదే ఇస్తుంది. 1,850 హెడ్‌స్పీడ్ (మెయిన్ రోటర్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర మీ బ్లేడ్ల కొసలు గంటకు సుమారు 470 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంటాయి. అలాంటిది అదుపు తప్పే అవకాశం ఉందని తెలిసి గాల్లోకి పంపకూడదు.

ఇక మీ ఉత్తరం. పడిపోవడం గురించి, బ్లేడ్ల గురించి, టెయిల్ గురించి వివరంగా రాశారు. బేరింగులు మార్చిన సంగతి మాత్రం ఒక్క వాక్యంలో దాటేశారు. నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది ఆ వాక్యమే. బేరింగులు మార్చాలంటే ఇంజిన్‌ని చల్లబరిచే ఫ్యాన్, క్లచ్ రెండూ క్రాంక్‌షాఫ్ట్ మీదనుంచి ఊడదీయాలి, మళ్లీ ఎక్కించాలి. ఆ ఎక్కించడంలో వెంట్రుకంత వంకర మిగిలినా మీరు రాసిన లక్షణాలన్నీ వస్తాయి. మీది అదే అని ఉత్తరం చదివి తేల్చి చెప్పను. కొలిచి చూస్తే తెలిసిపోతుంది. ఆ కొలత తీసేలోపు ఇంకే పార్టూ కొనకండి.

అదురు వచ్చినప్పుడు ఏ పార్టు మార్చాలా అని కాకుండా, ఈ అదురు ఎంత వేగంతో వస్తోందా అని చూడాలి. హెలికాప్టర్‌లో తిరిగేవి ముఖ్యంగా మూడు, మూడూ వేర్వేరు వేగాలతో తిరుగుతాయి. హెడ్‌స్పీడ్ 1,850 అనుకుందాం. అంటే మెయిన్ రోటర్ సెకనుకు సుమారు 31 సార్లు తిరుగుతుంది. టెయిల్ రోటర్ దానికి నాలుగున్నర రెట్ల పైచిలుకు, సెకనుకు 140 సార్లు. గేర్ నిష్పత్తి 8.5 అయితే ఇంజిన్ 15,700 ఆర్‌పీఎం దగ్గర, అంటే సెకనుకు 260 సార్లు. మీ మోడల్ నిష్పత్తులు మాన్యువల్‌లో ఉంటాయి, ఆ అంకెలతో లెక్క కట్టుకోండి. ఏది బ్యాలెన్స్ తప్పితే అదురు దాని వేగంతోనే వస్తుంది.

మెయిన్ రోటర్ తేడా కంటికి కనిపిస్తుంది. మోడల్ మొత్తం ఊగుతుంది, స్కిడ్లు కదులుతాయి, టెయిల్ బూమ్ కొస ఇటూ అటూ కొట్టుకోవడం తెలుస్తుంది. టెయిల్ రోటర్ తేడా అంత పెద్దగా ఊగదు, ఫిన్ అంచులు మసకబారతాయి. ఇంజిన్ వేగంతో వచ్చే అదురు కంటికి దాదాపు ఆనదు. దాని పని తర్వాత బయటపడుతుంది: ట్యాంకులో నురగ, వదులైన స్క్రూలు, పగిలిన మఫ్లర్ బ్రాకెట్, తొందరగా అరిగిన బాల్ లింకులు, ఇంజిన్ ఆపగానే ఫ్రేమ్ స్క్రూల చుట్టూ కనిపించే నల్లటి నూనె చారలు. మీ దగ్గర నురగ ఉంది, బ్లేడ్లు మార్చినా తేడా లేదు, అదురు సన్నగా ఉంది. మూడూ ఒకవైపే చూపిస్తున్నాయి.

మరి టెయిల్ ఫిన్ మసకబారడం? దాన్ని చూసే మీకు టెయిల్ మార్చమని చెప్పి ఉంటారు. బూమ్ పొడవాటి సన్నని గొట్టం. ఫ్రేమ్‌లో పుట్టిన అదురు దాని వెంట చివరిదాకా పోయి, అక్కడి పలుచటి ఫిన్‌లో పెద్దదై కనిపిస్తుంది. కాబట్టి ఫిన్ ఒక్కదాన్నే చూసి టెయిల్‌లో తేడా ఉందనుకోలేం. మీ ఫ్లైబార్‌లెస్ యూనిట్‌లో వైబ్రేషన్ గ్రాఫ్ చూసే సదుపాయం ఉంటే ఈ ఊహలేవీ అక్కర్లేదు. గ్రాఫ్‌లో ఎత్తైన గీత ఏ ఆర్‌పీఎం దగ్గర లేచిందో చూసి, పైన లెక్క కట్టిన మూడు అంకెల్లో దేనికి దగ్గరగా ఉందో పోల్చుకోండి.

ఆ సదుపాయం లేకపోతే ఒక్కొక్కటి తీసేసి చూసే పద్ధతి ఉంది. దీన్ని జాగ్రత్తగా చెయ్యాలి. మెయిన్ బ్లేడ్లు తీసేయండి, గవర్నర్ (హెడ్‌స్పీడ్‌ని తనంతట నిలబెట్టే పరికరం) ఆపేయండి, మోడల్‌ని కదలకుండా కట్టేయండి, మీరు దూరంగా నిలబడండి. ఇంజిన్ స్టార్ట్ చేసి, క్లచ్ పట్టుకునేదాకా మాత్రమే మెల్లగా థ్రాటిల్ పెంచి, కొద్ది సెకన్లు చూసి దించేయండి. బ్లేడ్ల బరువు లేదు కాబట్టి ఇంజిన్ రయ్యిన లేస్తుంది. థ్రాటిల్ ఏమాత్రం ఎక్కువిచ్చినా ఓవర్‌స్పీడ్ అయి కన్‌రాడ్ విరగవచ్చు. ఖాళీగా ఉన్న బ్లేడ్ గ్రిప్పులైనా చేతికి తగిలితే ఎముక విరుగుతుంది. బ్లేడ్లు లేకుండా కూడా అదురు అలాగే ఉంటే మెయిన్ రోటర్‌ని పక్కన పెట్టొచ్చు. ఆపేసి, టెయిల్ బ్లేడ్లు కూడా తీసి ఇంకోసారి చూడండి. అప్పటికీ ఉంటే మిగిలింది ఇంజిన్, ఫ్యాన్, క్లచ్ వైపు. థ్రాటిల్‌ని ఇంత నెమ్మదిగా పెంచడం ఇంకా అలవాటు కాలేదనుకుంటే ఈ పరీక్ష వదిలేయండి. నేరుగా కొలతకే వెళ్లినా నష్టం లేదు.

ఫ్యాన్ మీద నాకు ఇంత అనుమానం ఎందుకో ఒక లెక్కతో చెబుతాను. ఫ్యాన్‌లో కేంద్రంనుంచి 25 మి.మీ. దూరంలో ఒకే ఒక్క గ్రాము అటూ ఇటూ తేడా ఉందనుకోండి. 15,700 ఆర్‌పీఎం దగ్గర ఆ గ్రాము సుమారు 7 కిలోల బలంతో బయటికి లాగుతుంది. ఆ లాగుడు సెకనుకు 260 సార్లు దిశ మార్చుకుంటూ ఉంటుంది. వేగం రెట్టింపయితే ఈ బలం నాలుగు రెట్లవుతుంది. అందుకే ఐడిల్‌లో మెత్తగా ఉన్న మోడల్ పైకి లేపగానే అదురుతుంది.

కొలవడానికి డయల్ గేజ్ (తిరిగేదాని వంకరని ముల్లు మీద చూపే కొలత పరికరం) కావాలి, దాన్ని కదలకుండా పట్టే స్టాండు కావాలి. నైట్రో హెలికాప్టర్ ఉన్నవాళ్లు తప్పకుండా కొనుక్కోవాల్సిన పనిముట్టు ఇదని నా అభిప్రాయం. మీకు లేకపోతే లేత్ పని చేసే వర్క్‌షాపులో ఉంటుంది, ఇంజిన్ పట్టుకెళ్లి కొలిపించుకోవచ్చు.

ఇంజిన్‌ని ఫ్రేమ్‌లోంచి బయటికి తీయండి. గ్లో ప్లగ్ (సిలిండర్ హెడ్‌లో ఫ్యూయల్‌ని మండించే ప్లగ్) విప్పేయండి. లోపల కంప్రెషన్ లేకపోతే క్రాంక్ తేలిగ్గా తిరుగుతుంది, కొలత నిలకడగా వస్తుంది. క్లచ్, ఫ్యాన్ రెండూ తీసేసి, ఒట్టి క్రాంక్‌షాఫ్ట్ మీద, థ్రెడ్ మొదలయ్యే ముందున్న నున్నటి చోట గేజ్ కొస ఆనించి మెల్లగా ఒక చుట్టు తిప్పండి. ముల్లు దాదాపు కదలకూడదు. ఇక్కడే 0.02 మి.మీ. దాటి ఊగితే క్రాంక్ వంగి ఉండవచ్చు, లేదా బేరింగ్ సరిగా కూర్చోలేదు. బ్లేడ్లు నేలకు కొట్టుకుని ఒక్కసారిగా ఆగిపోయినప్పుడు క్రాంక్ వంగడం అరుదు, జరగదని మాత్రం అనలేం.

ఒట్టి క్రాంక్ బాగుందని తేలాక ఫ్యాన్ హబ్ (ఫ్యాన్ నడిమి లోహపు భాగం) ఎక్కించండి. ఎక్కించేముందు క్రాంక్‌నీ, కోన్ (హబ్ లోపల బిగిసే ఏటవాలు రింగు) ఉంటే దాన్నీ, హబ్ లోపలి రంధ్రాన్నీ స్పిరిట్‌తో తుడవండి. పాత థ్రెడ్‌లాక్ రవ్వ ఒకటి సందులో ఇరుక్కుంటే చాలు, హబ్ వంకరగా కూర్చుంటుంది. నట్టు బిగించేటప్పుడు గ్లో ప్లగ్ రంధ్రంలోంచి ఏదో దూర్చి పిస్టన్‌ని ఆపే పద్ధతి వద్దు. ఆ బలమంతా పిస్టన్ మీద, కన్‌రాడ్ మీద పడుతుంది. వెనక ప్లేటు తీసి క్రాంక్‌నే పట్టి ఆపే లాక్ టూల్ దొరుకుతుంది, అది వాడండి.

బిగించాక హబ్ అంచు మీద గేజ్ పెట్టి తిప్పండి. 0.03 మి.మీ. లోపు వస్తే చాలా బాగున్నట్టు. 0.05 వరకు సర్దుకోవచ్చు. అంతకు మించితే మళ్లీ నట్టు వదులు చేసి, క్రాంక్ అలాగే ఉంచి, హబ్‌ని పావు చుట్టు తిప్పి బిగించి కొలవండి. క్రాంక్‌లో ఉన్న కొంచెం వంకరా హబ్‌లో ఉన్న కొంచెం వంకరా ఒకేవైపు కలిస్తే కొలత పెరుగుతుంది, ఎదురెదురుగా వస్తే తగ్గుతుంది. నాలుగు వైపులా చూసి తక్కువ వచ్చిన చోట ఉంచి, సన్నటి మార్కర్‌తో గుర్తు పెట్టుకోండి. విసుగు పుట్టించే పనే. కానీ మీ మోడల్ బాగుపడేది చాలావరకు ఈ బల్ల దగ్గరే.

తర్వాత ఫ్యాన్ చూడండి. రెక్క ఒక్కటి విరిగినా అది పనికిరాదు, అతికించే ప్రయత్నం చెయ్యకండి. ఆ తర్వాత క్లచ్. దానికి సాధారణంగా రెండు స్క్రూలుంటాయి. ఒకటి పూర్తిగా బిగించి ఇంకోదానికి వెళ్తే క్లచ్ ఒకవైపుకి వాలుతుంది. అటు కొంచెం ఇటు కొంచెం మార్చి మార్చి బిగించండి. క్లచ్ అంచు మీద మళ్లీ గేజ్ పెట్టండి. హబ్ దగ్గర బాగుండి ఇక్కడ చెడితే క్లచ్‌ని అర చుట్టు తిప్పి అటు స్క్రూ ఇటు వేసి చూడండి. పనిలో పనిగా క్లచ్ షూ మొదట్లో, అది మధ్య భాగాన్ని కలిసే చోట, సన్నటి పగులు ఉందేమో వెలుతురులో పరీక్షగా చూడండి. పగులు కనిపిస్తే ఆ క్లచ్‌తో ఇంకో చుట్టు కూడా తిప్పకండి.

బేరింగుల సంగతి. వెనక బేరింగ్ క్రాంక్‌కేసులో (క్రాంక్ ఉండే ఇంజిన్ డొల్ల) పూర్తిగా లోపలికి కూర్చోకపోతే క్రాంక్ ఒక వాలులో తిరుగుతుంది. సుత్తితో దిగగొట్టి ఉంటే, అదీ లోపలి రింగు మీద కొట్టి ఉంటే, కొత్త బేరింగ్ మొదటిరోజే పాడైపోతుంది. మీరెలా ఎక్కించారో రాయలేదు. ఖాళీ కేసుని సుమారు 150 డిగ్రీల సెల్సియస్‌కి వేడి చేస్తే అల్యూమినియం వ్యాకోచించి బేరింగ్ దానంతటదే జారుతుంది. ఇప్పుడు పరీక్షించడానికి క్రాంక్‌ని వేళ్లతో మెల్లగా తిప్పండి. ఇసుక నలిగినట్టు గరగర తగిలితే మళ్లీ విప్పక తప్పదు. ముందుకీ వెనక్కీ లాగి చూడండి, చాలా కొద్దిగా కదలిక ఉండటం మామూలే. పక్కలకి ఊగకూడదు.

ఇవన్నీ బాగున్నా ఇంజిన్ పూర్తిగా నిశ్శబ్దంగా, కదలకుండా తిరుగుతుందని ఎదురుచూడకండి. ఒకే పిస్టన్ ఉన్న ఇంజిన్‌ని పూర్తిగా బ్యాలెన్స్ చెయ్యడం కుదరదు. పిస్టన్ పైకీ కిందకీ ఆడుతుంది, దాన్ని తూచే బరువు క్రాంక్ మీద గుండ్రంగా తిరుగుతుంది. పైకీ కిందకీ ఉండే బలాన్ని ఆ బరువుతో తగ్గించినకొద్దీ పక్కలకి లాగే బలం పెరుగుతుంది. అందుకే తయారీదారులు మధ్యస్థంగా ఒకచోట ఆపుతారు. మిగిలిన ఆ కొంచెం అదురుని ఫ్రేమ్ భరించాలి. ఇంజిన్ మౌంట్ గట్టిగా ఉండాల్సింది అందుకే. మౌంట్ కింద రబ్బరు ముక్కలు పెట్టే ఆలోచన ఎవరైనా చెబితే వినకండి, గేర్లు కలిసే దూరం మారిపోయి మెయిన్ గేర్ పళ్లు అరిగిపోతాయి.

ఇంజిన్‌ని తిరిగి ఫ్రేమ్‌లో పెట్టేముందు క్లచ్ బెల్‌ని (క్లచ్ చుట్టూ ఉండే గిన్నె) విడిగా చేత్తో తిప్పండి. దాని బేరింగుల్లో గరుకు ఉందా, లోపలి లైనింగ్ ఒకచోట ఊడి పైకి లేచిందా చూడండి. స్టార్టర్ షాఫ్ట్‌ని అద్దం మీద దొర్లించండి. పడినప్పుడు వంగే వాటిలో ఇదొకటి, చాలామంది దీన్ని మర్చిపోతారు. ఇంజిన్ పెట్టాక క్లచ్ బెల్‌కి సరిగ్గా మధ్యలో కూర్చోవాలి. మౌంట్ స్క్రూలన్నీ ముందు వదులుగా వేసి, క్లచ్ మధ్యలోకి వచ్చేలా సర్ది, అప్పుడు ఒక్కొక్కటే బిగించుకుంటూ రండి. పినియన్‌కీ (చిన్న గేర్) మెయిన్ గేర్‌కీ మధ్య పలచటి కాగితం ముక్క పెట్టి దగ్గరికి జరిపి బిగించి, కాగితం తీసేస్తే సరైన దూరం వస్తుంది. మెయిన్ గేర్‌ని ఒక పూర్తి చుట్టు తిప్పి చూడండి. ఎక్కడైనా బిగుసుకుంటే ఆ చోట కొలతగా తీసుకుని కొంచెం వదులు చెయ్యండి. లోహం లోహంలోకి వెళ్లే ప్రతి స్క్రూకీ నూనె పూర్తిగా తుడిచి, మధ్యరకం బలమున్న నీలం థ్రెడ్‌లాక్ ఒక చుక్క వెయ్యండి. జిడ్డు మీద అది పట్టదు. ప్లాస్టిక్‌కీ బేరింగులకీ అంటనివ్వకండి.

మఫ్లర్ స్క్రూలు, బూమ్ సపోర్టులు కూడా ఒకసారి బిగించండి. మఫ్లర్ ఎక్కడా ఫ్రేమ్‌కి తగలకూడదు.

ఇప్పుడు వేడి, నీడిల్ సంగతి. మీరు నీడిల్ తెరవడంతో చిక్కు రెట్టింపయింది. నిజానికి ఇంజిన్ వేడెక్కడానికి నురగే కారణమై ఉండొచ్చు. నురగ కట్టిన ఫ్యూయల్‌తోపాటు గాలి బుడగలు కార్బురేటర్‌కి వెళ్తాయి, మిశ్రమం పలచబడుతుంది, ఇంజిన్ కాలుతుంది. మీరు దానికి విరుగుడుగా ఫ్యూయల్ పెంచారు. నురగ లేని క్షణాల్లో అది మరీ ఎక్కువై, ఇంజిన్ తడబడుతోంది. ఆ తడబాటు కూడా ఒక రకం అదురే, బూమ్‌ని కూడా ఊపుతుంది. రెండింటికీ తేడా వినికిడితో పట్టొచ్చు. బ్యాలెన్స్ తప్పిన అదురు ఆర్‌పీఎంతోపాటు క్రమంగా, ఒకే తీరుగా ఉంటుంది. మిశ్రమంలో ఫ్యూయల్ ఎక్కువైన తడబాటు లయ లేకుండా వచ్చి పోతుంటుంది, తెల్లటి పొగ దట్టంగా కనిపిస్తుంది. కాబట్టి నీడిల్ ఇప్పుడు ముట్టుకోవద్దు. ముందు అదురు పోనివ్వండి. తర్వాత నీడిల్‌ని మాన్యువల్ చెప్పిన మొదటి సెట్టింగ్‌కి తెచ్చి, అక్కడినుంచి ఒక్కో క్లిక్కే మూస్తూ రండి. ప్రతిసారీ కాసేపు హోవర్ చేసి, దించి, ఆపి, రోటర్ పూర్తిగా నిలిచాక ఇంజిన్ వెనక ప్లేటు మీద వేలు పెట్టండి. మూడు నాలుగు సెకన్లు ఓర్చుకోగలిగితే సరే. వెంటనే తీసెయ్యాల్సొస్తే వెనక్కి తెరవండి. సిలిండర్ హెడ్‌ని మాత్రం ముట్టుకోకండి, కాలుతుంది.

ట్యాంక్ కూడా చూడండి. అది ఫ్రేమ్‌కి నేరుగా రాసుకుంటూ ఉంటే మామూలు అదురుకే నురగ కడుతుంది. కూర్చునే చోట్ల పలచటి స్పాంజి గానీ రబ్బరు గానీ ఉండాలి.

గైరో కింద టేపు గురించి అడిగారు. యూనిట్‌తో వచ్చిన టేపు ఒక పొర చాలు. అదనపు పొరతో అదురు గైరోకి తక్కువగా తెలుస్తుంది, అంతే. సర్వోలకీ బేరింగులకీ స్క్రూలకీ పడే దెబ్బ తగ్గదు, పైగా మరీ మెత్తనైతే గైరో స్పందన ఆలస్యమై తోక ఊగుతుంది. హెడ్‌స్పీడ్ కాస్త మార్చి తప్పించుకోమని కూడా మీకు ఎవరో ఒకరు చెబుతారు. ఫ్రేమ్ ఒక వేగం దగ్గర ఎక్కువగా స్పందిస్తుంది కాబట్టి మారిస్తే తగ్గినట్టు కనిపిస్తుంది. అసలు కారణం లోపల అలాగే ఉంటుంది.

టెయిల్ మొత్తం మార్చడం ఇప్పుడే వద్దు. ఇంజిన్ వైపు కొలతలన్నీ బాగుంటే అప్పుడు టెయిల్ షాఫ్ట్‌ని అద్దం మీద దొర్లించండి, రెండు టెయిల్ బ్లేడ్లనీ తూచండి, టెయిల్‌ని తిప్పేది టార్క్ ట్యూబ్ (బూమ్ లోపలి పొడవాటి షాఫ్ట్) అయితే దాని బేరింగులు, బెల్టు అయితే బిగువు చూడండి. మెయిన్ రోటర్‌లో మీరు షాఫ్టూ స్పిండిలూ మార్చారు కాబట్టి డ్యాంపర్లు (స్పిండిల్ చుట్టూ ఉండే మెత్తటి రింగులు) అరిగాయా, బ్లేడ్ బోల్టులు రెండువైపులా సమానంగా బిగిశాయా అన్నది చూస్తే చాలు.

అన్నీ బిగించాక మొదటి ట్యాంకు తక్కువ ఎత్తులో హోవర్‌కే వాడండి. నిమిషం చేసి దించి, ఆపి, ట్యాంకులో నురగ చూడండి. మౌంట్ స్క్రూలకీ ఫ్రేమ్‌కీ కలిపి మార్కర్‌తో సన్నటి గీత ముందే గీసి ఉంచితే ఏది కదిలిందో ఒక్క చూపుతో తెలుస్తుంది. నురగ లేక, గీతలు కదలకపోతే నీడిల్ పని మొదలుపెట్టండి. అప్పటికీ అదురు ఉంటే మళ్లీ రాయండి. ఒట్టి క్రాంక్ మీద, హబ్ మీద, క్లచ్ అంచు మీద వచ్చిన మూడు కొలతలు, మీ గేర్ నిష్పత్తి, హెడ్‌స్పీడ్ తప్పకుండా జతచెయ్యండి.